సముద్రవిహారమును పానగోష్ఠియు

వేసవి సెలవులు వచ్చినతోడనే కర్నూలు, కడప పట్టణములందలి గృహస్థులలో కొందఱు పెట్టెలు సర్దుకొని సముద్రతీరమునకు ప్రయాణమగుట ఇటీవల పరిపాటియైనది. తిరుపతికో శ్రీశైలమునకో పోయి మ్రొక్కు చెల్లించి మరలివచ్చుటయే వెనుకటివారి యాత్ర. నేటివారు సముద్రమును చూడగోరుచున్నారు. చూచుటతో తృప్తినొందక, పలకపై నిలిచి కెరటములమీద జారెడు సర్ఫింగు క్రీడను పిల్లలకు నేర్పింపగోరుచున్నారు. ఇందులకు మేము సంతసించుచున్నాము. కాని యీ యాత్రలో ఇంకొక మజిలీ వచ్చి చేరినది. అది క్రాఫ్టు బీరును అక్కడనే కాచి అక్కడనే పోయు మైక్రోబ్రూవరీ. ఉదయము పిల్లలకు కెరటములు, సాయంకాలము పెద్దలకు బీరు. రెండును గలిపి కుటుంబవిహారమని పేరు. ఈ రెంటికి పొత్తు కుదరదని మా దృఢాభిప్రాయము.

కఱవుసీమవారికి సముద్రక్రీడలేల యని యెకసక్కెమాడువారు కలరు. వారి మాట మేమొప్పుకొనము. ఏడాదికి సుమారు ఏడువందల మిల్లీమీటర్ల వర్షముతో కాలము గడుపు సీమ మనది. వేసవిలో తుంగభద్ర యిసుకమేటయై, పెన్న పేరునకు మాత్రమే నదియై కనబడును. నీటిని బిందెలలోను ట్యాంకరులలోను మాత్రమే చూచి పెరిగిన బాలుడు, కనుచూపుమేర నీరే నిండియున్న చోట నిలిచినప్పుడు వాని మనస్సు ఎంత విశాలమగునో చెప్పనలవికాదు. సముద్రము తీరవాసుల సొత్తు మాత్రమే కాదు. కోవెలకుంట్ల పిల్లవానికిని, జమ్మలమడుగు పిల్లకును దానిలో పాలు కలదు.

సర్ఫింగు ధనవంతుల విలాసమనుటయు పొరపాటే. అది పసిఫిక్ మహాసముద్రద్వీపవాసుల ప్రాచీనవిద్య. పందొమ్మిదవ శతాబ్దమున హవాయి ద్వీపములలో క్రైస్తవ మిషనరీలు దానిని సోమరుల యాటయని నిరసింపగా అది క్షీణించెను. ఆ ద్వీపపుత్రుడే యగు డ్యూక్ కహనమోకు 1912లో స్టాక్‌హోము ఒలింపిక్ క్రీడలలో ఈతలో స్వర్ణపతకము గెలిచి, తన పూర్వుల క్రీడను దేశదేశములకు జూపెను. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో అది తొలిసారి స్థానము పొందినది. పరులు హేయమన్న స్వజాతివిద్య లోకమాన్యమైన కథ యిది. మన తీరమునందును జాలరులు దుంగలు గట్టిన తెప్పలపై విరుగు కెరటములను దాటి తరతరములుగా వేటకు పోవుచునే యున్నారు. 2025 ఆగస్టులో మహాబలిపురమున జరిగిన ఆసియా పోటీలలో భారతీయుడగు రమేశ్ బూదిహాళ్ కాంస్యపతకము గడించెను. ఇట్టి విద్యను మన పిల్లలు నేర్చుట మంచిదే.

ఇక రెండవ మజిలీ మాట. మనవారు పోవు తీరములలో పుదుచ్చేరి యొకటి. అచ్చట సర్ఫింగు నేర్పు పాఠశాలయు కలదు, బీరు కాచు శాలయు కలదు. ఒకప్పుడా పట్టణము స్వాతంత్ర్యవీరులకు శరణ్యము. 1908లో సుబ్రహ్మణ్యభారతియు, 1910లో అరవిందులును పరప్రభుత్వపు నిర్బంధమును తప్పించుకొని అక్కడ తలదాచుకొనిరి. నేడు ఆ యూరి పేరెత్తగానే మనవారిలో పలువురకు చౌక మద్యమే స్ఫురించుట విచారకరము.

సముద్రమునకును మద్యమునకును పడదనుట నీతివాక్యము మాత్రమే కాదు, ప్రాణరక్షకు సంబంధించిన మాట. ఒడ్డున విరిగిన కెరటముల నీరు మరల లోనికి పోవలెను గదా. అది యొక్కొక్కచోట ఇఱుకైన పాయగా గూడి వేగముగ సముద్రములోనికి పాఱును. అచ్చట అలలు విరుగవు గనుక నీరు నిలుకడగా కనబడును. మెట్టసీమవాడు దానినే భద్రమైన చోటని తలంచి దిగును. పాయలో జిక్కినవాడు ఒడ్డుకు ఎదురీదక, ఒడ్డునకు సమాంతరముగ ప్రక్కకు ఈది వెలువడవలెను. ఇందుకు కావలసినది నిబ్బరమైన బుద్ధియు, అదుపు తప్పని యవయవములును. మద్యము మొదట హరించునవి యీ రెండే. దానికి తోడు లేని ధైర్యమును కలిగించును. పిల్ల కెరటములో నుండగా ఒడ్డున కాపుండవలసిన తండ్రి చూపు మసకబాఱినయెడల ఆ పిల్లకు దిక్కెవరు?

ఇందులకొక సమాధానము వినబడుచున్నది. "ఇది సారాయి కాదు, యవల మొలకధాన్యము, హాప్సు పూవులు, ఈస్టు, నీరు చేర్చి నేర్పుతో కాచిన పానీయము. రుచి యెఱిగినవారు మితముగ సేవింతురు" అందురు. కాచుటలో నేర్పు కలదని మేమును ఒప్పుకొందుము. కాని నేర్పుతో కాచినను సారాయిలోని మత్తుపదార్థమే అందును కలదు. మద్యసేవనమున ఆరోగ్యమునకు హానిలేని పరిమాణమే లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 జనవరిలో ప్రకటించినది. పూరిగుడిసెలో త్రాగినవాని తాగుబోతనియు, గాజుమేడలో త్రాగినవాని రసజ్ఞుడనియు పిలుచుట న్యాయము కాదు. పిల్లలీ భేదములను పాటింపరు. నాన్న యానందించుచోట సీసాయుండుననునదే వారు నేర్చు పాఠము.

ఇంకొకటి గమనింపవలెను. లీటరు బీరు తయారగుటకు నాలుగైదు లీటర్ల నీరు, చిన్న శాలలలో నంతకంటె హెచ్చు పట్టును. ఇంట ట్యాంకరుకై కాచియుండు సీమవాడు పొరుగూరికేగి, నీరు నురుగగుటను వేడుకగా చూచి డబ్బు చెల్లించుట చిత్రము కాదా?

కడప మండలమునకు ఈ విషయమున ఘనమైన పూర్వచరిత్ర కలదు. 1930లో వేదారణ్యపు తీరమునకు ఉప్పుయాత్ర నడపిన రాజగోపాలాచారి, మద్రాసు ప్రధానియై 1937లో సేలమున మద్యనిషేధమారంభించెను. మఱుసటియేడు, 1938 అక్టోబరు 1వ తేదీన, దానిని చిత్తూరు, కడప మండలములకు విస్తరించెను. తెలుగునాట ఆ ప్రయోగము మొదట చూచినవారిలో కడపవారుండిరి. తరువాత 1992లో నెల్లూరు మండలము దూబగుంట స్త్రీలు, వర్ధినేని రోశమ్మ మున్నగువారు, సారా దుకాణములపై తిరుగబడగా 1993లో సారాయియు, 1995లో సకలమద్యమును నిషేధింపబడెను. 1997లో ఆ నిషేధము సడలెను. శాసనము రావచ్చును, పోవచ్చును; దొంగసారాయిని అది ఆపలేకపోవుటయు మనమెఱిగినదే. కావున మేమిప్పుడు శాసనమును కోరుటలేదు. గృహయజమానుని నిర్ణయమును కోరుచున్నాము. ప్రభుత్వము తీసివేయలేని నిషేధము ఇల్లు తనకు తాను విధించుకొన్నది మాత్రమే.

మఱి చేయదగినదేమి? మొదటిది, సముద్రమునకు పోవుటకు ముందు పిల్లలకు ఈత నేర్పుడు. పూర్వము పడవలు నడచుటకు గూడ ఉద్దేశించి త్రవ్విన కర్నూలు–కడప కాలువ మన ముంగిటనే మూడువందల కిలోమీటర్ల మేర పాఱుచున్నది. అయినను దాని యొడ్డున పుట్టినవారిలో ఈతరానివారే పెక్కండ్రు. పురపాలకసంఘములు రెండు పట్టణములందును బాలబాలికలకు శిక్షకునితో కూడిన ఈతకొలనులు నడపవలెను. రెండవది, సముద్రమున తీరమెఱిగిన గురువు ప్రక్కనే యుండగా, నడుములోతు నీటిలో, మెత్తని పెద్ద పలకతో అభ్యాసమారంభింపుడు. తుపానుల కాలమున దిగకుడు. మూడవది, బ్రూవరీకి వినియోగింపదలచిన పూట తెల్లవాఱుజామున జాలరిపల్లెకు పోయి, తెప్పలు ఒడ్డుచేరు తీరును పిల్లలకు చూపుడు. పుదుచ్చేరికే పోయినచో భారతి నివసించిన యింటికి వారిని తోడ్కొని పొండు.

కెరటముపై ఒక్క క్షణము తన కాళ్లపై నిలిచిన పిల్ల ఒడ్డువైపు తిరిగి చూచును. తాను నిలిచినది నాన్న చూచెనో లేదో యని చూచును. అప్పుడు తండ్రి కన్నులు తేటగా నుండవలెను. ఈ యేటి ప్రయాణపు పద్దు వ్రాసికొను గృహస్థు అందులో రెండవ మజిలీని కొట్టివేయుగాక!