దాడులతో పాటు వైద్యమూ అందాలి

2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవారు పదుల సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. పలువురు ప్రాణాలు కోల్పోయారు. కల్లు నమూనాల్లో అల్ప్రాజోలం అనే మత్తుమందు బయటపడింది. అరెస్టులు జరిగాయి, దుకాణాలు మూతపడ్డాయి. కల్తీదారులను శిక్షించాల్సిందే. అయితే ఏళ్ల తరబడి ఆ మత్తుకు అలవాటుపడినవారి సంగతి కూడా అప్పుడే ఆలోచించాలి.

తాటిచెట్లు, ఈతచెట్లు ఇచ్చే కల్లు గిరాకీకి చాలదు. అందుకే నీళ్లలో శాకరిన్, మత్తుమందు కలిపి కల్లుగా అమ్ముతున్నారు. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజిపామ్, అల్ప్రాజోలం. అర మిల్లీగ్రాము మాత్రల లెక్కన కిలో అల్ప్రాజోలం 20 లక్షల మాత్రలతో సమానం. అంత తీవ్రమైన పొడిని ఉజ్జాయింపుగా కలిపితే ఏ సీసాలో ఎంత పడిందో అమ్మేవాడికీ తెలియదు, తాగేవాడికీ తెలియదు.

ఈ మందులు మెదడు చురుకుదనాన్ని తగ్గిస్తాయి. మద్యం కూడా చేసేది అదే. రెండూ కలిస్తే శ్వాస మందగించి ఆగిపోవచ్చు. రోజూ వాడేవారికి పాత మోతాదు పనిచేయక పరిమాణం పెరుగుతూ పోతుంది. హఠాత్తుగా ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై కట్టడి పెరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులు ఇలాంటివారితో నిండిపోయాయి. ఇంకో ముప్పూ ఉంది. కొన్ని వారాలు మానేస్తే శరీరం తట్టుకునే శక్తి తగ్గుతుంది. దుకాణం తెరవగానే పాత లెక్కలో తాగితే అదే ప్రాణాంతకం కావచ్చు.

ఇది కల్లు తాగేవారి సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. అదే అల్ప్రాజోలం నిద్రమాత్రగా మధ్యతరగతి ఇళ్లలోనూ ఉంది. వైద్యుడు కొద్దిరోజులకు రాసిన చీటీతో ఏళ్ల తరబడి కొనేవారున్నారు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 1.18 కోట్ల మంది వైద్య అవసరం లేకుండా ఇలాంటి నిద్రమందులు (సెడేటివ్‌లు) వాడుతున్నారు. అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు. వైద్యుడి పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. 2014 మార్చి నుంచే ఉన్న ఈ నిబంధన నిక్కచ్చిగా అమలైతే మందుల దుకాణాల నుంచి జరిగే దుర్వినియోగానికి చాలావరకు అడ్డుకట్ట పడుతుంది.

ఎక్సైజ్, వైద్య ఆరోగ్య శాఖలు కలిసి కదలాలి. ఒక ప్రాంతంలో దాడులకు దిగేముందే అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను సిద్ధం చేయాలి. వైద్యుల పర్యవేక్షణలో మోతాదును వారాల తరబడి, అవసరమైతే నెలల తరబడి మెల్లగా తగ్గించే చికిత్స ఉచితంగా అందాలి. చికిత్సకు వచ్చినవారిని నేరస్థుల్లా చూడకూడదు. సాయం కోరేవారికి 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్ ఉన్నాయని ప్రతి కల్లు దుకాణం ముందూ తెలుగులో రాసి పెట్టాలి. ఎంత లేపినా లేవకుండా, శ్వాస మెల్లగా తీస్తున్నవారిని మత్తు దిగేదాకా పడుకోనివ్వడం ప్రమాదకరం. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కు ఫోన్ చేయాలని ఆశా కార్యకర్తలు ఇంటింటికీ చెప్పాలి.

పట్టుబడిన కిలోల లెక్కలు ప్రకటించే ప్రభుత్వం, చికిత్సతో ఆ అలవాటు నుంచి బయటపడినవారి లెక్కలనూ ప్రకటించాలి. మత్తుపై పోరులో గెలుపు కొలవాల్సింది వాటితోనే.