ఏ చెయ్యమ్మా?

కట్టమీద మాట

పోయిన ఆదివారం సాయంత్రం బుక్కపట్నం చెరువు కట్టమీద కూర్చుని ఉంటే మా అక్క కొడుకు వచ్చి చిన్న కవరు ఒకటి నా చేతిలో పెట్టాడు. "చూడు మామా, ఎడమచేతి వాళ్ళకని ప్రత్యేకంగా చేసిన పిక్కులంట. మామూలువాటికి రెండింతల రేటు తీసుకున్నారు" అన్నాడు. వాడు ఎనిమిదో తరగతి. అన్నం తినడం తప్ప అన్ని పనులూ ఎడమచేత్తోనే చేస్తాడు. ఏడాదిగా గిటార్ నేర్చుకుంటున్నాడు.

కవరులో ఉన్న మూడు పిక్కులూ, అంటే గిటార్ తీగలు మీటే బిళ్ళలు, అరచేతిలో పోసుకుని చూశాను. మూలలు గుండ్రంగా తీసిన మామూలు త్రికోణాలే అవి. నిలువునా నడిమికి గీత గీస్తే రెండు సగాలూ ఒక్కటే. ఎటు తిప్పినా అదే ఆకారం, అద్దంలో చూసినా అదే ఆకారం. దానికి కుడీ లేదు, ఎడమా లేదు. వాడి దగ్గర తీసుకున్న ఎక్కువ డబ్బు కవరు మీద అచ్చేసిన రెండు మాటలకే తప్ప లోపలి వస్తువుకు కాదు.

డబ్బు పోతే పోయింది. నన్ను బాధపెట్టింది ఆ తరువాత వాడు చెప్పిన మాట. గిటార్ నేర్పే ఆయన మొదటి రోజే, "అందరిలాగే కుడిచేత్తో వాయించు, ఎడమచేతి గిటార్లు మన వైపు దొరకవు" అన్నారట. అంటే ఏ తేడా లేని పిక్కును ఎడమచేతిదని చెప్పి అమ్మారు. తేడా ఉన్న గిటారును మాత్రం మార్చకుండా, పిల్లవాడి చేతినే మార్చమన్నారు. ఎడమచేతి వాటం పిల్లల విషయంలో మనం చేస్తున్న తప్పంతా ఈ రెండు మాటల్లోనే ఉంది.

ముందు పిక్కు సంగతి చెబుతాను. ఎడమచేతి వాటం పిల్లలున్న తల్లిదండ్రులకు ఇది పనికొస్తుంది. రెండు వేళ్ళ మధ్య పట్టుకునే మామూలు పిక్కు కొనేటప్పుడు చూడాల్సింది దళసరి, పదార్థం, పట్టు. కార్డ్స్ పట్టి స్ట్రమ్మింగ్ నేర్చుకునేవాళ్ళకు 0.60 నుంచి 0.73 మిల్లీమీటర్ల దళసరి చాలు. అది కాస్త వంగుతుంది, తీగలమీద తేలిగ్గా జారుతుంది. ఒక్కొక్క స్వరం విడిగా పలికించే దశకు వచ్చాక ఒక మిల్లీమీటరు, ఆపైన దళసరి ఉన్నది కావాలి. లేకుంటే పిక్కు వంగి లేచేలోగా స్వరం వెనకబడిపోతుంది. నైలాన్ మెత్తగా వంగుతుంది. సెల్యులాయిడ్ పలుకు బాగుంటుంది గానీ తొందరగా అరుగుతుంది. ఒకప్పుడు సముద్రపు తాబేలు చిప్పతో పిక్కులు చేసేవాళ్ళు. ఆ తాబేళ్ళు అంతరించిపోతున్నాయని 1970లలో అంతర్జాతీయ ఒప్పందం వాటి వ్యాపారాన్ని కట్టడి చేసింది. అదే చిప్ప పలుకు కోసం ఇప్పుడు రకరకాల ప్లాస్టిక్కులతో పిక్కులు చేస్తున్నారు. సరోద్ విద్వాంసులైతే ఇప్పటికీ కొబ్బరిచిప్పను నునుపుగా చెక్కిన జవాతో మీటుతారు. ఇక మా ఎండల సంగతి తెలిసిందే. ఏప్రిల్, మే నెలల్లో వేళ్ళు చెమటకు జారతాయి, కాబట్టి పైన గరుకు ఉన్న పిక్కే కొనండి. ఇందులో ఏ ఒక్కటీ చేతిని బట్టి మారేది కాదు.

చేతిని బట్టి మారేవి రెండున్నాయి. ఒకటి బొటనవేలికి ఉంగరంలా తొడుక్కునే థంబ్ పిక్కు. దాని నాలుక ఒక పక్కకే పొడుచుకుని వస్తుంది. కుడి బొటనవేలికి చేసినదాన్ని ఎడమ బొటనవేలికి తొడిగితే ఆ నాలుక తీగలవైపు కాకుండా అవతలి వైపుకు తిరుగుతుంది. ఎడమచేతికి వేరుగా చేసినవి వస్తాయి, అడిగి తెప్పించుకోవాలి.

రెండోది అంచు వాలుగా చెక్కిన పిక్కు. పిక్కును తీగకు సరిసమానంగా ఎవరూ పట్టరు, కాస్త ఏటవాలుగా పడతారు. నెలల తరబడి వాయిస్తే కింది దెబ్బకు ఒక ముఖం మీద ఒక అంచు, పై దెబ్బకు రెండో ముఖం మీద రెండో అంచు అరిగిపోతాయి. కుడిచేతివాడు అలా అరగదీసిన పిక్కు ఒకటి నా దగ్గర ఉంటే మావాడి చేతికిచ్చాను. వాడు ఎడమచేత్తో పట్టి రెండుసార్లు మీటి, "తీగకు తట్టుకుంటోంది మామా" అన్నాడు. వెనక్కి తిప్పి పట్టుకున్నాడు. అప్పుడూ తట్టుకుంది. ఎటు తిప్పినా ఆ వాలు కుడిచేతి వాలుగానే ఉంటుంది, ఎడమచేతికి కావలసింది దానికి అద్దంలో ప్రతిబింబం. ఈ వాలును ముందే చెక్కి అమ్మే పిక్కులున్నాయి. అవి కొనేటప్పుడు ఎడమచేతివి అని అడిగి కొనాల్సిందే. లేదంటే కొత్త పిక్కును సన్నటి గరుకు కాగితం మీద తన చేతి వాలుకు తానే రుద్దుకోవచ్చు. అన్నలు, మిత్రులు వాడి వదిలేసిన పిక్కులు మాత్రం ఇవ్వకండి.

ఇప్పుడు గిటార్. ఇక్కడ తేడా చిన్నది కాదు. కుడిచేతి గిటారును తిరగేసి పట్టుకుంటే లావు తీగలు కిందికీ సన్నతీగలు పైకీ వస్తాయి. తీగలు మార్చి కడదామంటే మెడ చివర నట్టు మీది గాడులు సన్నతీగకు సన్నగా, లావు తీగకు లావుగా కోసి ఉంటాయి. వంతెన మీది పట్టీ కూడా ఒక వాలులో ఉంటుంది, అది తిరగబడితే శ్రుతి తప్పుతుంది. కాబట్టి ఎడమచేతి గిటార్ కొనాలి, లేదా తెలిసినవాళ్ళ చేత నట్టు, పట్టీ మార్పించాలి. శ్రమే, ఖర్చే. కానీ మారేది కొయ్యా ఎముకా ముక్కలు. పిల్లవాడు కాదు.

కుడిచేతి గిటారుతోనే గొప్పవాళ్ళయిన ఎడమచేతివాళ్ళు లేరా అంటే ఉన్నారు. మార్క్ నాఫ్లర్ ఎడమచేతి వాటం మనిషే, వాయించేది మాత్రం కుడిచేతి పద్ధతిలో. అలా హాయిగా ఉంటే అదీ మంచిదే. ఆ తీర్పు పిల్లవాడి చేతిది, నేర్పేవారిది కాదు. జిమీ హెండ్రిక్స్ కుడిచేతి గిటారును తిరగేసి, తీగలు తన చేతికి అనువుగా మార్చి కట్టుకున్నాడు. అమెరికాలో ఎలిజబెత్ కాటన్ అనే నల్లజాతి ఆడమనిషి చిన్నతనంలో అన్న బాంజోను తీగలు మార్చకుండానే తలకిందులుగా పట్టి నేర్చుకుంది. గిటారు మీద అందరూ బొటనవేలితో మంద్రం పలికిస్తే ఆమె బొటనవేలితో పాట పలికించింది. ఇళ్ళల్లో పాచిపని చేసి బతికిన ఆమెకు 1985లో, తొంభయ్యో పడికి చేరిన వయసులో, గ్రామీ వచ్చింది.

మన సంగీతం దగ్గరికి వద్దాం. కచేరీలో మృదంగం కరణి పెట్టిన ముఖం సభవైపు ఉండేలా కుడిచేతి విద్వాంసుడు గాయకుడికి కుడిపక్క కూర్చుంటాడు, వయొలిన్ ఎడమపక్క ఉంటుంది. మృదంగ విద్వాంసుడు పళని సుబ్రహ్మణ్య పిళ్ళైది ఎడమచేతి వాటం. ఆయన కూర్చోవాలంటే వయొలిన్ విద్వాంసుడు చోటు మారాలి. దానికి ఒప్పుకోనివాళ్ళ వల్ల ఆయనకు కచేరీలు తప్పాయి. గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ ఆయనను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఒక మనిషి నాలుగడుగులు జరిగితే దొరికే విద్య అది. ఆ నాలుగడుగులు జరగని కచేరీలు ఎన్నో, అలా వినకుండా పోగొట్టుకున్న నాదం ఎంతో!

విస్తరి ముందు కుడిచెయ్యి పెట్టడం మన మర్యాద, దాన్ని నేను కాదనను. మా ఇంట్లోనూ అదే పద్ధతి. కానీ ఒక పూట మర్యాదను బతుకంతటికీ శాసనం చేశాం. ఎడమచేతిని మా వైపు రొడ్డచెయ్యి అంటారు, ఆ మాట పిల్లల మీద విసిరే తీరు మీకు తెలుసు. పలక మీద ఎడమచేత్తో అక్షరం దిద్దితే వేళ్ళమీద పడిన దెబ్బలు మా తరంలో చాలామందికి గుర్తే. అదే మనం ఎద్దు విషయంలో ఎంత తెలివిగా ఉంటామో చూడండి. దాపట అలవాటైన ఎద్దును వలపట కట్టి చూడు, అరక సాగదని ఏ సేద్యగాడైనా చెబుతాడు. కొట్టి లాభం లేదని కూడా చెబుతాడు.

మా అవ్వది ఎడమచెయ్యి. ఈ చెరువు కింద వరికోతలకు పోయేది. పళ్ళ కొడవలికి పళ్ళు ఒక ముఖం మీదే కోస్తారు. కుడిచేతికి కోసిన కొడవలి ఎడమచేత్తో పడితే తెగాల్సిన చోట జారుతుంది, వెన్ను రాలుతుంది, వేలు తెగుతుంది. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు కొత్త కొడవలి కోసం అవ్వతో కొలిమి దగ్గరికి పోయాను. ఆచారి కాలిన రేకును దాగలి మీద సాగగొట్టి, అంచు తీర్చి, ఆకురాయి చేతిలోకి తీసుకున్నాక ఆగాడు. తల కూడా ఎత్తకుండా, "ఏ చెయ్యమ్మా?" అన్నాడు. "ఎడమ" అంది అవ్వ. రేకును అవతలికి తిప్పి ఆ ముఖం మీద పళ్ళు కోయడం మొదలుపెట్టాడు. వింతగా చూడలేదు, నవ్వలేదు, ఎక్కువ కూలీ అడగలేదు. గుండ్రటి పిడిని మాత్రం అందరికీ వేసినట్టే వేశాడు. పిడికి చెయ్యి తెలియదని, పళ్ళకు తెలుస్తుందని ఆయనకు తెలుసు.

ప్రపంచంలో సుమారు పదిమందిలో ఒకరు ఎడమచేతి వాటంవాళ్ళు. నలభైమంది ఉన్న తరగతిలో నలుగురు. మా బుక్కపట్నంలో జిల్లా విద్యాశిక్షణ సంస్థ, మేమంతా డైట్ అని పిలిచేది, ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లా పల్లెబడుల్లో అక్షరాలు దిద్దించిన టీచర్లు ఎందరో అక్కడ తయారైనవాళ్ళే. అక్కడ చదువుతున్న పిల్లలకు నా మనవి ఒకటే. మీ తరగతిలోకి ఆ నలుగురూ వస్తారు. వాళ్ళను బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టండి, పక్కవాడి మోచెయ్యి తగలదు. కాగితాన్ని వాళ్ళ చేతికి తగ్గట్టు వాల్చి పెట్టుకోనివ్వండి. కత్తెర ఎడమచేతిది తెప్పించండి. పెన్సిలు అందరిదే ఇవ్వండి. పాట నేర్పేవాళ్ళూ, ఆట నేర్పేవాళ్ళూ, కుట్టు నేర్పేవాళ్ళూ ఇదే లెక్క వేసుకోవాలి.

మా అక్క కొడుకుకు గిటార్ నట్టు, పట్టీ మార్పించే ఏర్పాటు చేశాను. పిక్కులు మాత్రం అవే వాడుకోమన్నాను, వాటి తప్పేమీ లేదు. కొత్తగా నేర్పేవారి కోసం చూస్తున్నాం. ఆయన ఎంత చదివారు, ఎంత తీసుకుంటారు అన్నది తరువాత. మొదటి రోజు వాడు గిటార్ తీయకముందే కొలిమి దగ్గర ఆచారి అడిగిన మాట ఆయన నోట వస్తే, అక్కడే చేర్పిస్తాను.

— బుక్కపట్నం వాసి