చేతిపనియు విద్యయే

చేతిపని చదువురానివారికే తగునని తలంచు తలిదండ్రులు నేటికిని మనలో కలరు. అది పొరపాటని మా యభిప్రాయము. ఇందుకొక విమానయంత్రపు చరిత్రమే నిదర్శనము.

ఇంగ్లండునందలి కావెంట్రీలో హంబరు కంపెనీవారు సైకిళ్లను, మోటారుసైకిళ్లను, కార్లను చేయుచుండిరి. 1911 సంవత్సరమున ఐల్ ఆఫ్ మాన్ జూనియరు పందెమున గెలిచినది వారి మోటారుసైకిలే. ఆ యేటనే ఫిబ్రవరి 18వ తేదీన హంబరు విమానమొకటి అలహాబాదునుండి యమున దాటి నైనీకి సుమారు 6,500 ఉత్తరములను గొనిపోయెను. ఆ తపాలా వలని యాదాయము మిషనరీలు నడపుచుండిన విద్యార్థి వసతిగృహమునకు చెందెను.

1914లో మహాయుద్ధము వచ్చెను. ఆనాటి రోటరీ యంత్రము విచిత్రమైనది. నడిమి యిరుసు కదలదు. చుట్టునున్న సిలిండర్లే ప్రొపెల్లరుతో కూడ గిర్రున తిరుగుచు గాలికి చల్లబడును. కందెన మన యాముదమే! ఫ్రెంచివారి క్లెర్జే యంత్రమున సిలిండర్లకు ఒకవైపు వేడి హెచ్చి, అవి వంకరపోవుచుండెను. ఆకాశమున యంత్రము చెడినచో నడపువాని గతి యేమి?

ఈ లోపమును సవరించిన డబ్ల్యు. ఓ. బెంట్లీ పదునారవయేట రైల్వే కార్ఖానాలో అప్రెంటీసుగా చేరినవాడు; మోటారుసైకిలు పందెములలో పాల్గొన్నవాడు. నౌకాదళపు వైమానికశాఖలో నుండగా ఆతడు ఫ్రాన్సునందలి విమానస్థావరములకు పోయి, నడపువారిని, మెకానిక్కులను అడిగి వారి యిబ్బందులను తెలిసికొనెను. పిదప హంబరువారి కార్ఖానాలో, ఇనుపతొడుగుగల అల్యూమినియపు సిలిండర్లతో క్రొత్త యంత్రమును సిద్ధపరచెను. క్లెర్జే బలము 130 గుఱ్ఱములు, వెల 907 పౌనులు. దీని బలము 150 గుఱ్ఱములు, వెల 605 పౌనులు మాత్రమే.

అది యుద్ధయంత్రమే గదా యని కొంద రనవచ్చును. నిజమే, యుద్ధమును మేము పొగడము. పుస్తకములు వలదనియు చెప్పము. లోపమును కంటితో చూచి, చేతితో తాకి, పనివాని మాట నాలకించినవానికే ఆ విద్య పట్టువడెనని మాత్రము చెప్పుచున్నాము.

నజరేతున వడ్రంగిపని చేసిన ప్రభువును గొలుచు పాఠశాలలో చేతిపని చిన్నతనము కారాదు. తలిదండ్రులారా! మీ బిడ్డ పనిశాలనుండి నూనెమరకల చొక్కాతో వచ్చినపుడు కోపపడకుడు. నేడేమి చేసితివని యడుగుడు.