అడవిలో ఒక రోజు నడక – షికారా? చదువా?



అమెజాన్ వర్షారణ్యాల గురించి మార్కుల కోసం బట్టీ పడతాం. మరి పొదిలి, మార్కాపురం దాటితే వచ్చే నల్లమలలో ఒక్క పూటైనా నడిచినవారు మనలో ఎందరు?

నల్లమల వర్షారణ్యం కాదు, వేసవిలో ఆకు రాల్చే అడవి. 1983 నుండి పులుల సంరక్షణ ప్రాంతం. చెంచుల ఇల్లు. మన గుండ్లకమ్మ పుట్టినిల్లు. శ్రీశైలం దగ్గర కైలాసద్వారం నుండి భీముని కొలనుకు దిగే పాత మెట్లదారిని, 14వ శతాబ్దంలో మన పక్కనున్న అద్దంకి నుండి ఏలిన ప్రోలయ వేమారెడ్డి కట్టించాడని చెబుతారు.

"హాస్టల్ పిల్లలకు షికార్లెందుకు? అన్నం, పుస్తకాలు చాలవా?" అని కొందరు పెద్దలంటారు. అయ్యా, మాకు నడక కొత్త కాదు. సెలవుల్లో అమ్మ వెంట మిరపకోతకు, పత్తితీతకు మైళ్లు నడిచాం. అవన్నీ కూలి కోసం నడిచినవి. తెలుసుకోవడానికి నడిచే నడక ఒక్కటైనా మాకు దక్కకూడదా? అక్కడ ప్రతి చెట్టు పేరూ, వాడకమూ చెప్పే చెంచు పెద్దే ఆ రోజు మన మాస్టారు. అక్షరం రాని మన అమ్మానాన్నలకు ఎంత తెలుసో కూడా అప్పుడే మనకు అర్థమవుతుంది.

పూర్వ విద్యార్థులకు నా మనవి. వార్షికోత్సవ చందాలో షామియానా, మైకుల ఖర్చు కొంత తగ్గించండి. అటవీశాఖ అనుమతితో, వానలు వెనకబట్టాక, ఏటా పదో తరగతి వారిని ఒక్క రోజు నడిపించండి. బాలికల హాస్టల్ చెల్లెళ్లను మాత్రం మరువకండి!