ఎదుటి బండికి దూరమెంత?

ఏలూరు నుండి కైకలూరునకు పోవు దారిలో కొండలు లేవు, ఘాటుమలుపులు లేవు. ఇరువైపుల చేపల చెరువులు, వాని గట్లు, నడుమ చాప పరచినట్లున్న చదునునేల. ఇట్టిచోట ప్రమాదమెట్లు కలుగునని పరాయివాడు శంకింపవచ్చును. నా అభిప్రాయమున ఈ చదునే మనవారిని మోసగించుచున్నది. సూటిగా ఎదురువచ్చు వాహనపు వేగమును మానవనేత్రము సరిగా కొలువజాలదు. దూరమున నున్నంతవరకు అది నిలిచియున్నట్లే తోచి, దాపునకు వచ్చిన పిదప ఒక్కసారిగా పెరిగి మీదపడును.

గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవుచున్న లారీని 70 కిలోమీటర్ల వేగమున దాటదలచిన కారునకు, లారీ పొడవును, దాని ముందు వెనుకల విడువవలసిన ఎడమును కలిపి చూచినచో, సుమారు 10 సెకండ్లు పట్టును. ఆ వ్యవధిలో కారు 200 మీటర్లకు కొంచెము తక్కువ దూరము పోవును. ఎదుటి బండి అదే వేగమున వచ్చుచున్నచో, అదియు నంతే వచ్చును. అనగా దాదాపు 400 మీటర్ల ఖాళీదారి కావలెను. మనవారు చూచుకొనునది అందులో సగమైన నుండునా యని నా సందేహము. పైపెచ్చు, ముందరి లారీవాడు వేసిన ఇండికేటరును ఒకడు తన్ను రమ్మను సైగగా గ్రహించును, మరియొకడు లారీ తిరుగబోవుచున్నదని గ్రహించును. ఈ గజిబిజిలో పోయిన ప్రాణము లెన్నియో!

ఈ కొల్లేటి సీమలో తొందరకు కారణము స్పష్టమే. పట్టిన చేపకు ఐసు కరుగుట యొక గడువు. అది చేరవలసిన హౌరా బజారు మరియొక గడువు. కోతలకాలమున సగము రోడ్డుపై ధాన్య మారబోయుదురు. వెనుకదీపము లేని ట్రాక్టరు చీకటిలో మెల్లగా పోవుచుండును. ధనుర్మాసమున చెరువులపై మంచు క్రమ్మును. తప్పించుకొనుటకు ప్రక్కకు దిగుదమన్నచో తారు అంచు క్రింద కుంగిన నల్లమట్టి, దాని యావల మురుగుకాలువ. 2021 డిసెంబరు 15న మెట్టప్రాంతమున జంగారెడ్డిగూడెము చెంత ఆర్టీసీ బస్సు, ఎదురువచ్చిన లారీని తప్పించబోయి, వంతెన రెయిలింగును గుద్దుకొని జల్లేరు వాగులో పడినదని నాటి వార్తలు తెలిపినవి. వంతెనపై తప్పుకొనుటకు చోటెక్కడిది?

చట్టము లేదనుటకు వీలులేదు. మోటారు వాహనముల చట్టము 184వ సెక్షను, 2019 సవరణ పిదప, నిబంధనలకు విరుద్ధమైన ఓవర్‌టేకింగును ప్రమాదకరమైన డ్రైవింగుగా పేర్కొని, మొదటి తప్పునకే జైలుశిక్షకు వీలు కల్పించినది. కాని రాత్రివేళ చెరువుగట్ల నడుమ ఆ సెక్షనును చదివి వినిపించువా డెవడు?

నాలుగు వరుసల రోడ్డు వేసినచో సరిపోవునని కొందరందురు. కాని 2022 సంక్రాంతి దినములలో తాడేపల్లిగూడెము వద్ద చేపల లారీ బోల్తాపడి నలుగురు కూలీలు మరణించిరి. వెడల్పైన రోడ్డును డివైడరును ఎదుటి బండినుండి కాచునే గాని, అతివేగమునుండి, నిద్రమత్తునుండి కాయజాలవు. ఇక కొల్లేరు 1999 నుండి అభయారణ్యము. అచ్చట రోడ్డు వెడల్పు చేయుట సులభముకాదు. స్వీడను దేశమువారు 1998లో ఒక రహదారిపై మూడే వరుసలు వేసి, నడుమ ఇనుపతాళ్ల కంచె కట్టి, ఒకమారు ఈ దిక్కువారికి, ఒకమారు ఆ దిక్కువారికి దాటుటకు వంతుల నిచ్చిరి. అంతటి ఏర్పాటు మనకిప్పుడు కుదరకపోయినను, అభయారణ్యపు టెల్లలకు వెలుపల ప్రభుత్వభూమి యున్నచోట్ల ట్రాక్టర్లు ఒదిగి సైడిచ్చుటకు వెడల్పైన తావులు కట్టవచ్చును. వంతెనల మొదట తెగని పసుపుగీత గీయవచ్చును. అంచుల మట్టిని వానకాలమునకు ముందే గట్టిపరుపవచ్చును. లారీ యజమానులచేత హౌరా ప్రయాణమునకు రెండవ డ్రైవరును పంపించవచ్చును.