కార్డు ఎవరు జరపాలి?

మనలో చాలామంది ఆఫీసు పని ఇప్పుడు ఒక బోర్డు మీద కనిపిస్తుంది. జిరా, ట్రెల్లో, అసానా... పేరు ఏదైనా రూపం దాదాపు ఒకటే. 'చేయాల్సినవి', 'జరుగుతున్నవి', 'అయిపోయినవి' అని మూడు వరసలు. ఒక్కో పనికి ఒక్కో కార్డు. పని ముందుకు సాగేకొద్దీ కార్డు ఒక వరసలోంచి ఇంకో వరసలోకి జరుగుతుంది. ఆఫీసులో పనికొచ్చింది ఇంట్లో పిల్లల చదువుకీ పనికొస్తుందని మనకు అనిపించడం సహజం. అందుకే సిలబస్ మొత్తాన్ని కార్డులుగా రాసి, ప్రతి చాప్టర్‌కీ ఒక తేదీ పెట్టి, అమ్మ ఫోన్లోనూ నాన్న ఫోన్లోనూ నోటిఫికేషన్లు ఆన్ చేసుకుంటున్న ఇళ్లు కనిపిస్తున్నాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. బోర్డు మంచిదే, పిల్లలకు తప్పకుండా నేర్పండి. కానీ అది పిల్లల బోర్డుగా ఉండాలి. కార్డు రాసేది, తేదీ వేసేది, జరిపేది వాళ్లే కావాలి. ఆ పని మన చేతిలోకి వచ్చిన రోజు నుంచి ఆ బోర్డు వల్ల మేలు కంటే కీడే ఎక్కువ.

ఈ పద్ధతి ఎక్కడిది?

పనుల్ని తేదీల వెంట గీతలుగా గీసి చూపే చార్టులను అమెరికన్ ఇంజినీరు హెన్రీ గాంట్ 1910ల్లో ప్రచారంలోకి తెచ్చారు. 1950ల చివర్లో డ్యూపాంట్ కంపెనీ తన రసాయన కర్మాగారాల పనుల కోసం 'క్రిటికల్ పాత్' అనే లెక్కను తయారు చేసుకుంది. ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో ముందే కనిపెట్టడం దాని ఉద్దేశం. ఇక మనం వాడే కార్డుల బోర్డుకు మూలం జపాన్‌లోని టొయోటా. అక్కడ తైఇచి ఓనో అనే ఇంజినీరు కార్డులతో పని నడిపే పద్ధతిని తీర్చిదిద్దారు. దాని పేరు కాన్‌బాన్. ఆ మాటకు జపనీస్‌లో బోర్డు, గుర్తు పలక అని అర్థం.

కాన్‌బాన్‌లో రెండు నియమాలు ముఖ్యం. ఒకటి, పనిని పైనుంచి తోయరు. తర్వాతి దశలో ఉన్నవాళ్లు తమకు అవసరమైనప్పుడు కార్డు పంపి తెప్పించుకుంటారు. రెండు, కార్డుల సంఖ్యకు పరిమితి ఉంటుంది కాబట్టి ఒకేసారి చేతిలో ఉండే పనికీ పరిమితి ఉంటుంది. మనం ఇంట్లో పెట్టే బోర్డుల్లో సాధారణంగా ఈ రెండే మాయమవుతాయి. నలభై కార్డులు మనమే రాసి ఒకేసారి పిల్లల మీదికి తోస్తాం.

పిల్లలకు నిజంగా ఉపయోగపడేది

సైన్స్ ఫెయిర్ శనివారం అనుకోండి. వర్షపు నీటిని దాచుకునే ఇంటి మోడల్ చేయాలి. మామూలుగా ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. శుక్రవారం రాత్రి స్టేషనరీ షాపు మూసేలోపు థర్మాకోల్ షీటు కోసం పరుగు. పదకొండింటికి ఆరని పెయింట్ మీదే పైపులు అతికించడం. పిల్లవాడు సోఫాలో నిద్రపోతుంటే మోడల్ పూర్తి చేసేది అమ్మ.

అదే పనిని పదిరోజుల ముందు పిల్లలతోనే ముక్కలుగా రాయించండి. సామాను కొనడం, బేస్ కోయడం, పెయింట్ వేయడం, పెయింట్ ఆరడం, పైపులు అతికించడం, చార్ట్ రాయడం, జడ్జిల ముందు ఎలా చెప్పాలో ప్రాక్టీస్ చేయడం. ఇప్పుడు ఒక్కటే అడగండి: "ఏ పని అయ్యాక ఏ పని మొదలుపెట్టగలవు?" బేస్ కోయనిదే పెయింట్ లేదు. పెయింట్ ఆరనిదే పైపులు లేవు. చార్ట్ మాత్రం పెయింట్ ఆరేలోపు రాసుకోవచ్చు. అంటే చార్ట్ ఒకరోజు వెనకబడినా కొంప మునగదు, బేస్ ఒకరోజు వెనకబడితే దాని వెనకున్నవన్నీ జరుగుతాయి. డ్యూపాంట్ ఇంజినీర్లు లెక్కకట్టింది ఇదే. ఆరో తరగతి పిల్లలకు కూడా చక్కగా అర్థమవుతుంది.

ఆలోచన మొదలైతే ఇంకో కార్డు కూడా పుడుతుంది: 'చిన్న ముక్క మీద ముందు పెయింట్ వేసి చూడటం'. ఎందుకంటే కొన్ని స్ప్రే పెయింట్లు కొడితే థర్మాకోల్ కరిగిపోతుంది. ఆ సంగతి శుక్రవారం రాత్రి తెలియడం వేరు, ముందు ఆదివారం తెలియడం వేరు. పెద్ద పనిని చూసి భయపడే పిల్లలకు "ఇవాళ బేస్ కోస్తే చాలు" అన్న ధైర్యం వస్తుంది. నేను బోర్డును సమర్థించేది ఇందుకే.

తేదీలు తప్పుతాయి, తప్పనివ్వండి

పని ఎంతసేపట్లో అవుతుందో మనుషులు తక్కువగా అంచనా వేస్తారని డానియెల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. 1994లో వెలువడిన ఒక అధ్యయనంలో మనస్తత్వ శాస్త్ర విద్యార్థులను థీసిస్ ఎప్పటికి పూర్తిచేస్తారని అడిగారు. వాళ్లు చెప్పిన అంచనా సగటున 34 రోజులు. నిజంగా పట్టింది 55 రోజుల పైనే. పెద్దవాళ్ల సంగతీ అంతే. సిడ్నీ ఒపేరా హౌస్ 1963కల్లా పూర్తవుతుందన్నారు, 1973లో ప్రారంభమైంది. 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు అనుకున్న ఖర్చు 10 కోట్లు దాటింది.

కాబట్టి కార్డు మీద గడువు తేదీ ఎర్రగా మారినంత మాత్రాన మీ అమ్మాయి బద్ధకస్తురాలని కాదు. ఎర్రరంగు చెప్పేది ఒక్కటే, అంచనా తప్పిందని. తిట్టే బదులు ఒక అలవాటు నేర్పండి. పని అయ్యాక అదే కార్డు మీద 'అనుకున్నది రెండు గంటలు, పట్టింది నాలుగున్నర' అని రాసుకోమనండి. రెండు నెలలు రాస్తే తన వేగం తనకు తెలుస్తుంది. పదో తరగతి రివిజన్ ప్లాన్ వేసుకునేటప్పుడు ఏ టైంటేబుల్ కన్నా ఆ పాత కార్డులే ఎక్కువ సాయం చేస్తాయి.

నిఘాగా మారితే

మన పిల్లల మీద ఇప్పటికే చాలా కళ్లున్నాయి. హాజరు మెసేజ్, వీకెండ్ టెస్ట్ మార్కులు, ర్యాంకు, ట్యూషన్ సార్ ఫోను. వీటికి తోడు "ఏరా, ఫిజిక్స్ కార్డు మూడు రోజులనుంచి అక్కడే ఉందేం?" అని బెంగళూరు నుంచో డల్లాస్ నుంచో నాన్న మెసేజ్ వస్తే పిల్లవాడు ఏం చేస్తాడు? చదవడు, కార్డు జరుపుతాడు. ఆఫీసులో స్టేటస్ మీటింగ్‌కు పది నిమిషాల ముందు కార్డులు ఎంత చురుగ్గా కదులుతాయో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొలత మీద ఒత్తిడి పెడితే ఆ కొలతే నమ్మకం లేనిదైపోతుందని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో హెచ్చరించారు. 'అయిపోయినవి' వరస నిండుగా ఉంటుంది, ప్రీ-ఫైనల్ పేపర్ ఖాళీగా వస్తుంది.

దీనికన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. టొయోటా ఫ్యాక్టరీల్లో లైను పక్కన ఒక తాడు ఉంటుంది. తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా దాన్ని లాగవచ్చు. లాగగానే లీడర్ వచ్చేది సాయం చేయడానికి, కేకలేయడానికి కాదు. పిల్లల బోర్డులో ఆ తాడు లాంటిది 'ఆగిపోయింది' అనే నాలుగో వరస. 'కాంతి పరావర్తనం అర్థం కాలేదు' అన్న కార్డు అందులో కనిపించిందంటే మీ బోర్డు పనిచేస్తోందన్నమాట. దానికి మన మొదటి మాట "మరి క్లాసులో ఏం చేస్తున్నావ్?" అయితే ఆ వరసలోకి ఇంకో కార్డు రాదు. అర్థం కానివి లేకుండా పోవు, మనకు కనిపించకుండా పోతాయి. ఇంటర్‌లోకి వెళ్లాక ఆ దాచుకునే అలవాటు ఎంత ప్రమాదమో మన రెండు రాష్ట్రాల్లో ఏ ఇంటికీ కొత్తగా చెప్పక్కర్లేదు. చిక్కుకున్నప్పుడు మనకు చెప్పుకోగలిగే పిల్లలు కావాలంటే ఆ అలవాటు ఇప్పుడే, చిన్న చిన్న కార్డులతోనే మొదలవ్వాలి.

"చూడకపోతే అసలు చదవడండీ" అని మీరు అనవచ్చు. చూడొద్దని నేను అనడం లేదు. రోజూ ఫోన్లో చూడటం మానేసి, వారానికి ఒకసారి పక్కన కూర్చుని చూడమంటున్నాను. వయసును బట్టి పట్టు సడలించండి. ఐదో తరగతి వరకు కలిసి రాయండి. ఎనిమిదికల్లా రాయడం వాళ్లది, అడగడం మీది. పదికి వచ్చేసరికి వాళ్లు పిలిస్తేనే చూడండి.

స్కూలుకూ ఒక మాట. బుధవారం చెప్పి శనివారానికి ప్రాజెక్టు తెమ్మంటే ఏ బోర్డూ పనిచేయదు. మూడు సబ్జెక్టుల ప్రాజెక్టులు ఒకే వారం పడినా అంతే. నెల మొదట్లోనే తేదీలన్నీ ఒకచోట ఇస్తే ప్లాన్ చేసుకునే అవకాశం పిల్లలకు ఉంటుంది. టీచర్లు ఒకరి తేదీలు ఒకరు చూసుకుని వేయాలని ఈ పేజీ ద్వారా కోరుతున్నాను.

ఈ నెల ఇంట్లో ప్రయత్నించండి

• యాప్ కన్నా ముందు గోడ. ఒక చార్ట్, స్టిక్కీ నోట్లు చాలు. ఫోన్ ఇస్తే బోర్డుతో పాటు మిగతావన్నీ వస్తాయి.

• 'చేయాల్సినవి', 'చేస్తున్నవి', 'ఆగిపోయినవి', 'అయిపోయినవి' అని నాలుగు వరసలు గీయించండి. 'చేస్తున్నవి' వరసలో రెండు కార్డులకు మించి ఉండకూడదు.

• కార్డు మీద 'మ్యాథ్స్' అని కాదు, 'త్రికోణమితి మొదటి ఎక్సర్‌సైజ్, పది లెక్కలు' అని రాయించండి. ఒక్క పూటలో అయ్యేదే ఒక కార్డు.

• ఆదివారం పదిహేను నిమిషాలు. మూడే ప్రశ్నలు: ఏది అయింది? ఏది ఆగింది? నేనేం సాయం చేయను?

• కార్డును మీ చేత్తో జరపకండి. పని అయిపోయిందని మీకు తెలిసినా సరే.