చిన్న అక్షరాల్లో దాగిన నిజం

ప్రజలకు సమాచారం అందించేవారు అబద్ధం ఆడకపోతే చాలా? నిజాన్ని ఎవరి కంటా పడనంత చిన్నగా రాస్తే, నిజం చెప్పినట్టేనా? కాదని నా అభిప్రాయం. ఓఆర్‌ఎస్ పేరు చుట్టూ నడిచిన వివాదమే ఇందుకు సాక్ష్యం.

విరేచనాలైతే ఒంట్లోని నీరు, లవణాలు పోతాయి. ఉప్పు, గ్లూకోజు సరైన పాళ్లలో కలిపిన నీళ్లు తాగిస్తే ప్రాణం నిలుస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వేళ, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలింది. సెలైన్ సరిపోని ఆ పరిస్థితిలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లతోనే ఎందరినో బతికించారు. ఓఆర్‌ఎస్ మీద జనానికి నమ్మకం ఇలాంటి సేవల వల్ల కలిగింది.

ఆ నమ్మకాన్ని తర్వాత కొన్ని కంపెనీలు సొమ్ము చేసుకున్నాయి. తీపి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అని చేర్చి మందుల షాపుల్లో అమ్మాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు ఉండాలి. ఈ పానీయాల్లో చక్కెర అంతకు ఎన్నో రెట్లు. చక్కెర మితిమీరితే విరేచనాలు తగ్గకపోగా ఇంకా పెరుగుతాయి. ఇది ఆ సూత్రం ప్రకారం చేసిన ఓఆర్‌ఎస్ కాదని ప్యాకెట్ మీద రాస్తే చాలని 2022లో అనుమతి కూడా దొరికింది. పేరేమో పెద్దగా, హెచ్చరికేమో చిన్నగా! హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిపై పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది.

ఇక మన బస్తర్ సంగతి చూద్దాం. ఇక్కడి పల్లెల్లో ఎందరో తల్లుల భాష హల్బీ, గోండీ. ఓఆర్‌ఎస్ అన్న పేరు మితానిన్ అక్క నోట విని ఉంటారు. షాపులో అదే పేరు అడుగుతారు. ఇంగ్లీషులో రాసిన ఆ చిన్న వాక్యం మాత్రం వారికి చేరదు. "రాశాం కదా, చదువుకోకపోతే మా తప్పా?" అని అమ్మేవారు అనవచ్చు. చదవలేని వారి ముందు రాసిపెట్టి చేతులు దులుపుకోవడం చెప్పడం కాదు, తప్పించుకోవడం.

హెచ్చరిక కూడా ప్రకటన ఉన్న భాషలోనే, అదే తరహా అక్షరాల్లో ఉండాలని 2022 నాటి ప్రకటనల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇది మంచిదే, కానీ చాలదు. ఎవరికి అమ్ముతున్నారో వారి భాషలో చెప్పాలి.

పిల్లలూ, అమ్మానాన్నల బదిలీలతో మీరు ఎన్నో ఊళ్లు చూశారు. భాష రాని చోట బోర్డు చదవలేక, ఎదుటివారి మాటే నమ్మాల్సి రావడం మీకు తెలుసు. రేపు మీలో కొందరు ప్రకటనలు రాస్తారు, కొందరు ప్రజాసంబంధాల అధికారులవుతారు. అప్పుడు ఆ పరిస్థితి గుర్తుంచుకోండి. ఈలోగా షాపులో ఎవరైనా ప్యాకెట్ చూపించి అడిగితే, పేరుతో పాటు చిన్న అక్షరాలు కూడా చదివి, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి.